కొత్త పంట హెన్నా వచ్చింది, ఉంగరాల జుట్టు ఉన్నవాళ్లు ఇది చదివాకే ఆర్డర్ పెట్టండి

అందరికీ నమస్కారం. రాజస్థాన్‌లోని సోజత్ నుంచి కొత్త పంట హెన్నా, అంటే గోరింట ఆకు పొడి, మా గుంటూరు దుకాణానికి చేరింది. జల్లెడ పట్టడం, ప్యాకింగ్ పూర్తయ్యాయి. సోమవారం నుంచి పార్సిళ్లు పంపుతాం. వంద గ్రాముల ప్యాకెట్ మీద ఇరవై రూపాయలు పెంచాం. ఆకు రేటు పెరగడం ఒక కారణం. పొడిని ఇప్పుడు ఇంకోసారి వస్త్రగాళితం పట్టిస్తున్నాం, అంటే పలచటి గుడ్డలో జల్లిస్తున్నాం, అది రెండో కారణం. ఆ రెండోది ముఖ్యంగా ఉంగరాల జుట్టు ఉన్నవాళ్ల కోసం చేసిన పని. ఇక్కడ రాస్తున్నది కూడా ఎక్కువగా వాళ్లకే.

ఈమధ్య మాకు వచ్చే మెసేజ్‌లు చాలావరకు వాళ్లవే. ఏళ్ల తరబడి స్ట్రెయిటెనింగ్ చేయించుకున్నవాళ్లు అది మానేసి తమ రింగుల్ని మళ్లీ పెంచుకుంటున్నారు. చూస్తుంటే నాకు చాలా సంతోషంగా ఉంది. వాళ్లందరూ అడిగేవి ఇవే: హెన్నా పెడితే జుట్టు గట్టిపడుతుందా, తెల్లవెంట్రుకలకు రంగు పడుతుందా, రింగులు అలాగే ఉంటాయా? మూడింటికీ "అవును" అనేసి ప్యాకెట్ చేతిలో పెట్టొచ్చు. అలా అమ్మడం నాకిష్టం లేదు. వెంట్రుకకు పట్టిన హెన్నా షాంపూతో పోయేది కాదు. నచ్చకపోతే ఆ జుట్టు పెరిగి, కత్తిరించుకునేదాకా ఆగాల్సిందే. కొనకముందే అన్నీ తెలిస్తే మంచిది.

ముందు గట్టిదనం గురించి. ఈ ఆకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంటుంది. పొడిని తడిపి, కాస్త పులుపు కలిపి నానబెడితే అది బయటికొచ్చి వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. గోళ్లు, అరచేతులు ఎర్రగా పండేది కూడా ఇందుకే, అక్కడున్నదీ కెరాటినే. రంగు పట్టాక వెంట్రుక చేతికి మందంగా తగులుతుంది, మెరుపు వస్తుంది, దువ్వేటప్పుడు మధ్యలో తెగడం తగ్గుతుంది. ఇంతవరకు ధైర్యంగా చెప్పగలను. కుదుళ్ల నుంచి రాలిపోవడం పూర్తిగా వేరే విషయం. డెంగ్యూ, టైఫాయిడ్ తగ్గిన రెండు మూడు నెలలకు, కాన్పు తర్వాత, ఒంట్లో ఐరన్ తక్కువైనప్పుడు, థైరాయిడ్ తేడా చేసినప్పుడు జుట్టు గుప్పెళ్లుగా ఊడుతుంది. దానికి హెన్నా మందు కాదు. రక్తపరీక్ష చేయించుకుని చర్మవ్యాధుల డాక్టర్‌ను కలవండి. "జుట్టు రాలడం ఆపుతుంది" అనే మాట మా ప్యాకెట్ మీద లేదు, ఇకముందూ ఉండదు.

రంగు సంగతికొస్తే, హెన్నా నల్లజుట్టును లేతగా మార్చలేదు. ఎండలో నిలబడితే కొంచెం ఎర్రటి ఛాయ కనిపిస్తుంది, అంతే. తెల్లవెంట్రుకల మీదే దాని అసలు రంగు తెలుస్తుంది. మా దగ్గరికొచ్చే ఒక టీచరమ్మగారికి కణతల దగ్గర తెల్లబడింది, మిగతాదంతా నల్లటి బిగుతు రింగులు. కడిగి ఆరబెట్టిన రోజు ఆ తెల్లవెంట్రుకలు నారింజ రంగులో మెరిశాయి. మర్నాడు స్కూలుకెలా వెళ్లాలని ఆవిడకు టెన్షన్ పట్టుకుంది. మూడోరోజుకల్లా ఆ నారింజ ముదిరి ఇటుక రంగులోకి దిగి, పక్కనున్న నల్లజుట్టులో కలిసిపోయింది. మొదటిరోజు రంగు చూసి ఎవరూ కంగారుపడొద్దు. పెళ్లో, ఫంక్షనో ఉంటే కనీసం మూడురోజుల ముందు పెట్టుకోండి.

ఇక రింగులు. నిజం చెప్పాలంటే కొందరికి అవి వదులవుతాయి. వెంట్రుకకు బరువు పెరిగి మెలిక కిందికి సాగుతుంది. పెద్ద అలల్లా ఉండే జుట్టులో ఇది త్వరగా తెలుస్తుంది, బిగుతుగా చుట్టుకునే జుట్టులో తక్కువ. ఒకసారి పెడితే అంతగా కనిపించకపోవచ్చు. నెలనెలా కుదుళ్ల నుంచి కొసలదాకా పూసేవాళ్లకు పొర మీద పొర చేరి తేడా బయటపడుతుంది. జుట్టు చెదిరి నిలబడటం తగ్గుతుందని కొందరు దీన్నే కోరి పెట్టుకుంటారు, వాళ్లకు మంచిదే. మీకు రింగులే ప్రాణమైతే మాత్రం మొదటిసారి తర్వాత కొసలను వదిలేసి, కొత్తగా మొలిచిన తెల్లజుట్టుకే పెట్టండి. హెన్నాలో నాలుగో వంతు ఉసిరి పొడి కలిపితే రింగులు బాగా నిలుస్తున్నాయని మా కస్టమర్లలో చాలామంది చెబుతున్నారు. ఉసిరితో ఎరుపు కూడా కొంచెం తగ్గి గోధుమ రంగు వైపు వస్తుంది. ఉంగరాల జుట్టు ఉన్నవాళ్లకు నేను ఇదే పద్ధతి చెబుతాను.

ఇంకో ఇబ్బంది పొడిబారడం. మామూలు జుట్టులో మాడు నుంచి వచ్చే నూనె కొసలదాకా జారుతుంది. రింగుల జుట్టులో ఆ నూనె మెలికల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి కొసలు ఎప్పుడూ పొడిగానే ఉంటాయి. హెన్నా పెట్టాక రెండు మూడు రోజులు ఇంకా గరుకుగా అనిపిస్తుంది. నిమ్మరసం ఎక్కువైతే మరీను. నిమ్మకాయ పిండే బదులు చల్లారిన టీ డికాక్షన్‌తో కలపండి. కోడిగుడ్డు, పెరుగు వద్దు. వాటిలోని ప్రోటీన్ రంగును తనే పట్టేసుకుంటుంది, వెంట్రుకకు మిగిలేది తక్కువ.

వస్త్రగాళితం అన్నాను కదా, అదెందుకో చెబుతాను. సోజత్ రాజస్థాన్‌లో పాలీ జిల్లాలో ఉంది. అక్కడి మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఎండ ఎక్కువ, వాన తక్కువ ఉండే నేల కావడంతో ఆకులో రంగు బాగా ఉంటుంది. వానాకాలం వెళ్లాక కొమ్మలు కోసి ఆరబెట్టి, ఆకు రాల్చి మర పట్టిస్తారు. కోసిన ఆకు మీద వాన పడితే నల్లబడి రంగు పోతుంది. ఎడారి అంచు ప్రాంతం కాబట్టి ఆకుతో పాటు ఎంతోకొంత ఇసుక, సన్నటి పుల్లలు వస్తాయి. నున్నటి జుట్టులోంచి అవి నీళ్లతో జారిపోతాయి. రింగుల్లో చిక్కుకుంటే రెండురోజులైనా దులుపుకుంటూ ఉండాలి, ఆ దులుపుడులో జుట్టు తెగుతుంది. ఏ కంపెనీ పొడైనా సరే, గ్లాసు నీళ్లలో చెంచాడు వేసి కదపకుండా కాసేపు వదిలేయండి. ఇసుక ఉంటే అడుగుకు చేరుతుంది. నీళ్లు వెంటనే చిక్కటి పచ్చగా మారితే అందులో పచ్చరంగు కలిపారని అనుమానించాలి. అసలు ఆకు పొడి నెమ్మదిగా, గోధుమ రంగు కలిసిన నారింజ రంగు వదులుతుంది. చిలకపచ్చగా కనిపించే పొడే మంచిదన్న నమ్మకం చాలామందిలో ఉంది, దయచేసి దాన్ని వదిలేయండి.

పెట్టుకునే పద్ధతిలో ఉంగరాల జుట్టుకు మార్పులు అవసరం. పొడి ఎక్కువ పడుతుంది. భుజాలదాకా ఉన్న ఒత్తు జుట్టుకు నూట యాభై నుంచి రెండు వందల గ్రాములు తీసుకోండి. పిండి అట్ల పిండిలా జారుగా ఉండాలి, గట్టిగా ఉంటే లోపలి పాయలకు చేరదు. మన గుంటూరు ఎండాకాలంలో మూడు నాలుగు గంటలు నానితే చాలు, రంగు దిగుతుంది, చలికాలంలో రాత్రంతా నాననివ్వండి. తలకు నూనె ఉండకూడదు. ముందే చిక్కు తీసి, పాయలు పాయలుగా విడదీసి, ఒక్కో పాయకు వేళ్లతో పట్టించండి. బ్రష్‌తో లాగితే రింగులు ముడిపడతాయి. రెండు మూడు గంటలు ఉంచాక బకెట్ నీళ్లలో తల ముంచి వదులు చేయండి. తర్వాత కండిషనర్ ధారాళంగా రాసి, వెడల్పు పళ్ల దువ్వెనతో నీళ్ల కిందే దువ్వండి. రెండురోజులు షాంపూ ముట్టుకోవద్దు. మిగిలిన పిండిని పారేయకండి, ఫ్రీజర్‌లో పెడితే మళ్లీ వాడుకోవచ్చు.

నల్లరంగు కావాలనేవాళ్లకు దారి ఒకటే, హెన్నా పెట్టి కడిగాక నీలి (ఇండిగో) ఆకు పొడి పెట్టడం. దాన్ని మామూలు నీళ్లతో కలిపి పావుగంట ఆగి వెంటనే రాయాలి, పులుపు తగలకూడదు. నీలి మన నేలకు కొత్త పంట కాదు. ఇంగ్లీషువాళ్ల కాలంలో కడప, నెల్లూరు వైపు విస్తారంగా పండించేవారు. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలి మార్కెట్‌లోకి వచ్చాక ఆ సాగు దెబ్బతింది. నీలి పొడి జుట్టును హెన్నా కంటే ఎక్కువ ఆరబెడుతుంది కాబట్టి, రింగుల జుట్టుకు తెల్లబడినచోట మాత్రమే రాయమంటాను.

పది నిమిషాల్లో నల్లగా చేసే "బ్లాక్ హెన్నా" ఎందుకు అమ్మరని అడిగేవాళ్లకు మళ్లీ చెబుతున్నాను. గోరింట ఆకు నల్లరంగు ఇవ్వదు, పది నిమిషాల్లో అసలే ఇవ్వదు. అలాంటి పొడుల్లో నలుపు తెచ్చేది సాధారణంగా పీపీడీ, అంటే పారాఫినైలిన్‌డయమిన్ అనే రసాయనం. అది పడనివాళ్లకు మాడు మండి, కళ్లు మూసుకుపోయేంతగా ముఖం వాస్తుంది. ఒకసారి అలర్జీ మొదలైతే సాధారణంగా జన్మంతా ఉంటుంది. డీలర్లు మంచి మార్జిన్ ఇస్తామంటున్నారు. అయినా మా అల్మారాలోకి అది రాదు. మీరు బయట కొంటే కనీసం డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఏం రాశారో చదవండి. చెవి వెనక కొంచెం రాసి రెండురోజులు చూడండి. ఆకు పొడి కూడా అరుదుగా కొందరికి పడదు, మా పొడికైనా ఈ పరీక్ష చేయండి.

కొందరికి మేం అమ్మం. పసిపిల్లల తలకు, ఒంటికి పూయడానికి అడిగితే ఇవ్వం. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో గోరింట వల్ల ఎర్రరక్త కణాలు విరిగిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ లోపం ఉన్న పెద్దవాళ్లూ దూరంగా ఉండాలి. దగ్గర్లో జుట్టును బ్లీచ్ చేయించి లేతరంగు వేయించుకోవాలనుకునేవాళ్లు కూడా ఇప్పుడు కొనకండి. హెన్నా ఎరుపును తీయడం పార్లర్‌వాళ్లకూ కష్టం. నీలి పెట్టిన జుట్టు బ్లీచ్ చేస్తే పచ్చగా తిరిగే ప్రమాదముంది.

ఇవన్నీ ఆలోచించి యాభై గ్రాముల చిన్న ప్యాకెట్ కొత్తగా తెచ్చాం. మొదటిసారి కొనే ఉంగరాల జుట్టువాళ్లు పెద్ద ప్యాకెట్ అడిగినా ముందు ఇదే పంపుతాం. దువ్వెనకు వచ్చిన వెంట్రుకల్ని దారంతో కట్టి, వాటి మీద పెట్టి చూడండి. అందులో తెల్లవి కూడా ఉండాలి. కడిగి మూడురోజులాగి రంగు చూడండి, తడిపి ఆరబెట్టి రింగు ఎలా ఉందో చూడండి. నచ్చితే పెద్దది ఆర్డర్ పెట్టండి, చిన్న ప్యాకెట్ డబ్బు అందులో తగ్గిస్తాం. నచ్చకపోతే ఆ మాట ఒక మెసేజ్‌లో చెప్పండి, ఏ రకం జుట్టుకు ఏమైందో రాసిపెట్టుకుని తర్వాత అడిగేవాళ్లకు చెబుతాను. గుంటూరులో ఉన్నవాళ్లు ఆ వెంట్రుకల్ని కవర్లో పెట్టి దుకాణానికి తెస్తే మేమే నానిన పిండిలో పెట్టి చూపిస్తాం. ఉదయం పూట రండి, పిండి అప్పటికి సిద్ధంగా ఉంటుంది.