ఇంటర్ సెకండియర్ మ్యాథ్స్ 2బి పేపర్ ఆన్సర్లు, ఇక గొడవ ఆపండ్రా
ఒరేయ్, ఆటోలో మొదలైన గొడవ ఇంకా నడుస్తోంది, అందుకే రాస్తున్నా. నాలుగు బిందువుల సర్కిల్ లెక్కకి సెంటర్ (-2, -3), రేడియస్ 5. అనుమానముంటే సర్కిల్ ఈక్వేషన్‌లో (1, 1) వేసి చూడండి, సున్నా రావాలి. సెంటర్ (2, 3) వచ్చినవాళ్లు గుర్తు మర్చిపోయారు. అయినా నాలుగో బిందువు దాకా స్టెప్స్ రాసుంటే ఏడు మార్కులూ పోవులే.

0 నుంచి పై బై 2 ఇంటిగ్రల్‌కి పై బై 4. దానికి 'ప్లస్ సి' పెట్టిన మహానుభావుడెవరో గానీ, లిమిట్స్ ఉన్న డెఫినిట్ ఇంటిగ్రల్‌కి కాన్‌స్టెంట్ సి ఏంట్రా! నేనైతే మామూలు ఇంటిగ్రల్‌కే మర్చిపోయా, అది వేరే కథ.

నా లెక్కన 75కి 61. పాస్‌కి 26 చాలు, 'పోయింది పోయింది' అంటూ ఏడుస్తున్నవాళ్లు ముందు సెక్షన్-ఎ చిన్న ప్రశ్నల మార్కులు కూడుకోండి. ఎల్లుండి ఫిజిక్స్.