పదిహేను లీటర్ల పెట్టె, తొమ్మిది మగ్గుల ఇసుక

తొమ్మిదో తరగతి తల్లిదండ్రులకు నమస్కారం.

పిల్లల యూనిఫాం జేబుల్లో రంపపు పొట్టు వస్తోందని ఈమధ్య ఇద్దరు ముగ్గురు అమ్మలు ఫోన్ చేశారు. ఒక నాన్నగారైతే "పరీక్షలు దగ్గర పెట్టుకుని ఈ వడ్రంగం పనేంటండీ?" అని సూటిగానే అడిగారు. అడగడంలో తప్పేం లేదు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పేది కాదు కాబట్టి ఈ నెల వార్తాలేఖలో నా పేజీ మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

మీ పిల్లలు స్పీకర్ పెట్టెలు కడుతున్నారు. తయారుగా వచ్చిన కిట్ బిగించడం కాదు. పెట్టె ఎంత ఉండాలో లెక్క కట్టడం, బొమ్మ గీయడం, అతికించడం, వైరు కలపడం, అన్నీ వాళ్ల పనే. నాలుగంగుళాల ఫుల్‌రేంజ్ డ్రైవర్లు రెండు తెప్పించాం. కోను, కాయిలు, అయస్కాంతం కలిసి ఉండే ఆ గుండ్రటి భాగాన్నే డ్రైవర్ అంటారు. చాలా స్పీకర్లలో బాస్‌కి, అంటే డ్రమ్ము మోతలాంటి బరువైన శబ్దాలకి, ఒక డ్రైవర్, సన్నటి శబ్దాలకి ఇంకొకటి, ఎవరి వాటా వాళ్లకి పంచడానికి క్రాసోవర్ అనే సర్క్యూట్ ఉంటాయి. ఫుల్‌రేంజ్‌లో ఒక్క కోనే మొత్తం బరువు మోస్తుంది. దాని ఇబ్బందులు దానికున్నాయి. కానీ క్రాసోవర్ గొడవ లేదు కాబట్టి బుర్రంతా పెట్టె మీదే పెట్టొచ్చు. మాకు కావాల్సిందీ అదే.

మొదటి రోజు సైన్స్ సారు ఒట్టి డ్రైవర్‌ని బల్ల మీద పెట్టి పాట వేశారు. దోమ పాడినట్టుంది. డ్రమ్ము మీద పుల్ల తగిలిన టిక్కు వినిపిస్తోంది గానీ డ్రమ్ము మోత లేదు. తర్వాత ఒక పెద్ద అట్టకి గుండ్రంగా బెజ్జం చేసి, డ్రైవర్‌ని అందులో ఆనించి పట్టుకున్నారు. వాల్యూమ్ ముట్టుకోలేదు, అయినా డ్రమ్ము వచ్చేసింది! వెనక బెంచీ పిల్లలు లేచి ముందుకొచ్చేశారు. కోను ముందుకి తోసినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుంటుంది, సరిగ్గా అప్పుడే వెనకున్న గాలి పలచబడుతుంది. 100 హెర్ట్జ్, అంటే సెకనుకి వంద సార్లు ఊగే శబ్దానికి అల పొడవు దాదాపు 3.4 మీటర్లు. అంత పొడుగు అలకి అరచేతిలో పట్టే డ్రైవర్ ఒక అడ్డే కాదు. వెనకది అంచు చుట్టి ముందుకొచ్చి, ముందుదాన్ని తినేస్తుంది. ఆ రెండిటినీ విడగొట్టింది అట్ట. ఆ అట్టనే నాలుగు వైపులా వెనక్కి మడిచి మూసేస్తే పెట్టె అవుతుంది.

పూర్తిగా మూసేయకుండా ఒక గొట్టం కూడా పెట్టొచ్చు. ఖాళీ సీసా మూతి మీద ఊదితే మోగుతుంది కదా, అదే సంగతి. పెట్టెలోని గాలి స్ప్రింగులా, గొట్టంలోని గాలి దానికి తగిలించిన బరువులా ఊగుతాయి. ఆ ఊపు కోను చేతకాని చోట బాస్‌కి సాయం పడుతుంది. దీన్ని బాస్ రిఫ్లెక్స్ అంటారు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఆల్బర్ట్ థురాస్‌కి దీని మీద 1932లో పేటెంట్ వచ్చింది. అప్పట్లో కొలతలు చాలావరకు చేసి చూసుకోవడమే. ఇప్పుడు చాలా డ్రైవర్లతోపాటు వచ్చే కాగితం మీద, పెట్టె లెక్క కట్టడానికి కావాల్సిన అంకెలుంటాయి. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో వేసిన బాటని 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ పూర్తి చేశారు. అందుకే వాటికి థీల్-స్మాల్ అంకెలని పేరు. వాటిని పట్టుకుని పిల్లలు తేల్చింది ఇది: 15 లీటర్ల పెట్టె, 5 సెంటీమీటర్ల వ్యాసంతో 12 సెంటీమీటర్ల పొడవు గొట్టం, మోగే చోటు 50 హెర్ట్జ్. లెక్క సరిగ్గానే ఉంది.

పెట్టె మాత్రం సరిగ్గా రాలేదు. జిగురు ఆరాక బిగించి వింటే ప్రతి డ్రమ్ము దెబ్బా ఒకే శ్రుతిలో "బొంయ్" అంటోంది. గొట్టం కొలిచారు, సరిపోయింది. అతుకుల దగ్గర గాలి పోతోందేమోనని చెయ్యి పెట్టి చూశారు, పోవడం లేదు. చివరికి ఒకమ్మాయి "సార్, అసలు ఇందులో పదిహేను లీటర్లు పడతాయా?" అంది.

డ్రైవర్ విప్పి, పెట్టెని వెల్లకిలా పడుకోబెట్టి, లోపల ప్లాస్టిక్ కవరు పరిచి, లీటరు మగ్గుతో పొడి ఇసుక పోయడం మొదలుపెట్టారు. అందరూ పైకి లెక్కపెడుతున్నారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది. పదో మగ్గులో పావు వంతు పోసేసరికి అంచుకొచ్చేసింది. ఎవరూ మాట్లాడలేదు.

పెట్టె కొలతలు 20, 30, 25 సెంటీమీటర్లు. గుణిస్తే 15,000 ఘన సెంటీమీటర్లు, అంటే 15 లీటర్లే. కానీ అవి బయటి కొలతలు. చెక్క మందం 18 మిల్లీమీటర్లు. ప్రతి కొలతలోనూ ఆ చివరొకటి ఈ చివరొకటి రెండు చెక్కలు, అంటే 3.6 సెంటీమీటర్లు పోయి లోపల మిగిలింది 16.4, 26.4, 21.4. గుణించి చూడండి, 9.3 లీటర్లు కూడా రాదు. వేలు మందం లేని చెక్క పెట్టెలో మూడో వంతు కంటే ఎక్కువే మింగేసింది. దాంతో 50 దగ్గర మోగాల్సింది 63 దాటి మోగుతోంది.

ఆ డ్రాయింగ్ మీద టిక్కు పెట్టింది నేనే. ఇన్నేళ్లుగా లెక్కలు చెబుతున్నదాన్ని. పోయిన పరీక్షలో "మందం ఇంత ఉన్న మూసిన పెట్టె లోపలి ఘనపరిమాణం ఎంత?" అన్న ప్రశ్నకి సగం తరగతి బయటి కొలతలే గుణిస్తే ఎర్రసిరాతో కొట్టేశాను కూడా. పరీక్షలప్పుడు ఇదేం పని అని అడిగిన నాన్నగారికి నా జవాబు ఇదే. ఇప్పుడు ఎవరు ఏ కొలత చెప్పినా మీ పిల్లలు "లోపలా, బయటా?" అని అడుగుతున్నారు.

సరే, చేసిన పెట్టెల్ని ఏం చేయాలి? గొట్టం పొడుగు పెంచితే శ్రుతి దిగుతుంది. లెక్క వేస్తే 21.7 సెంటీమీటర్లు కావాలని తేలింది. పెట్టె లోతేమో 21.4! గొట్టం వెనక చెక్కని పొడుచుకుని బయటికి రావాలన్నమాట. అది చూసి నవ్వాగలేదు. చివరికి గొట్టం సన్నం చేశారు: 4 సెంటీమీటర్ల వ్యాసం, 13 సెంటీమీటర్ల పొడవు. బొంయ్ పోయింది. కాకపోతే వాల్యూమ్ పెంచితే సన్నటి గొట్టంలో గాలి బుస కొడుతోంది. మూతి అంచుల్ని శాండ్ పేపర్‌తో గుండ్రంగా అరగదీశాక కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. కొత్త పెట్టెలు చేద్దామని పిల్లలు అడిగారు. వీటినే వాడదామన్నాను.

మధ్యలో ఇంకో చిన్న తప్పు. ఒక స్పీకర్‌కి వైర్లు తిరగబడ్డాయి. రెండూ కలిపి వేస్తే బాస్ మాయమైంది, గాయని గొంతు ఎక్కడినుంచి వస్తోందో తెలియలేదు. 1.5 వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం తాకించి, కోను ముందుకొస్తోందా వెనక్కి పోతోందా చూసి సరిచేశారు.

జాగ్రత్తల సంగతి. రంపం పని వడ్రంగి చేతే చేయించాం, పిల్లలు దూరంగా నిలబడి చూశారు. పెట్టెలకి వాడింది ఎం.డి.ఎఫ్., అంటే చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలక. దాని పొడి చాలా సన్నం, ఊపిరితిత్తులకి మంచిది కాదు. అందుకే శాండ్ పేపర్ పని ఆరుబయట, మాస్కులతోనే. ఇంట్లో మాత్రం మీ సాయం కావాలి. విడిభాగాల కోసం పాత టీవీలు, ఆంప్లిఫయర్లు విప్పనివ్వకండి. ప్లగ్గు తీసేసినా వాటి కెపాసిటర్లలో కరెంటు నిలవుండి షాక్ కొట్టొచ్చు. పాత స్పీకర్లుంటే ఉన్నవి ఉన్నట్టే బడికి పంపండి, మేం చూసుకుంటాం.

ఈ నెలాఖరు శనివారం మధ్యాహ్నం సైన్స్ ల్యాబ్‌లో వినడానికి రండి. కుర్చీలు మూడే వేస్తున్నాం, వరసగా ఒకదాని వెనక ఒకటి. చోటు లేక కాదు. డ్రైవర్ వెడల్పు సుమారు 10 సెంటీమీటర్లు. 3,400 హెర్ట్జ్ దగ్గర అల పొడవు కూడా అంతే. అక్కడినుంచి పైకి వెళ్లేకొద్దీ శబ్దం టార్చిలైటు వెలుగులా సూటిగా పోతుంది. పక్కకి కూర్చుంటే పాట మసకబారుతుంది. ఫుల్‌రేంజ్ ఇబ్బందుల్లో ఇదొకటి. కాబట్టి వంతులవారీగా కూర్చోబెడతాం, ఒక్కొక్కరికి ఒక పాట. మీకు బాగా అలవాటైన పాటే ఫోన్‌లో తెచ్చుకోండి, ఎక్కడేం వినిపించాలో మీకు ముందే తెలిసుంటుంది. మరీ గట్టిగా పెట్టమని అడగొద్దు, బుస సంగతి చెప్పానుగా.

డ్రైవర్ విప్పిన రెండో పెట్టె, ఇసుక, లీటరు మగ్గు కూడా అక్కడే ఉంటాయి. నమ్మకం కుదరనివాళ్లు పోసి చూసుకోవచ్చు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు