కాలువ గట్టుకు తారు వద్దు, గ్రావెలే ఉండనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలో మనం తాగే నీళ్లలో కృష్ణమ్మ వాటా ఉంది. 1983లో ఎన్టీఆర్, ఎమ్జీఆర్ కుదుర్చుకున్న ఒప్పందం, 1996లో పూండికి చేరిన తొలి నీళ్లు, ఈ ఏడు వచ్చిన టీఎంసీలు, రాని టీఎంసీలు: తెలుగుగంగ పేరుతో పత్రికల్లో కనపడేది ఇంతే. కండలేరు నుంచి పూండి దాకా ఆంధ్రలో 152 కిలోమీటర్లు, తమిళనాడులో 25 కిలోమీటర్లు ఆ కాలువతోపాటే గట్టు ఉంది. జలవనరుల శాఖ జీపు తిరగడానికి ఆ గట్టు మీద వేసిన బాట గురించి ఎవరూ రాయరు. మేం రాసేది దాని గురించే.

నగరంలో సైకిల్ తొక్కేవాళ్లంతా తెల్లారకముందే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఎక్కుతారు, ఏడింటికల్లా కార్ల మధ్య ఇరుక్కుంటారు. కాలువ గట్టు మీద ఆ బాధ లేదు. నీళ్లు గట్టును కోయకుండా పారాలంటే కాలువ వాలు చాలా తక్కువగా ఉండాలి కనుక పక్కనున్న బాటా చదునుగానే ఉంటుంది. ఎత్తు ఎక్కాల్సింది వంతెనల దగ్గరే. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పొలాలు, అవతల నాగలాపురం, సత్యవేడు కొండలు. తిరువళ్లూరు స్టేషన్‌లో దిగి పూండికి వెళ్లి, గట్టెక్కి, కృష్ణ నీళ్లు తమిళనాడులో అడుగుపెట్టే ఊత్తుకోట దగ్గరి జీరో పాయింటు చూసి, ఆరణి ఒడ్డున సురుటుపల్లిలో శయనించిన శివుణ్ణి దర్శించుకుని తిరిగి రావడం ఒక రోజు పని. దారి అడగాల్సివస్తే ‘కరై మేల పోలామా’ అన్నా, ‘గట్టు మీద పోవచ్చా’ అన్నా ఆ చుట్టుపక్కల జవాబు దొరుకుతుంది.

ఇలాంటి బాటలకు వచ్చే ముప్పు ఒకటుంది. ఏ ఊరికి అడ్డదారి కావాలన్నా ముందు కన్ను పడేది కాలువ గట్టు మీదే, ముందు పెట్టే అర్జీ తారు వేయమనే. తారు పడిన మర్నాటి నుంచి టిప్పర్లు దిగుతాయి. గట్టు కుంగుతుంది, కాలువ లోపల పరిచిన సిమెంటు లైనింగ్ పలకలు పగులుతాయి, నష్టపోయేది కాలువే. సైకిల్ సంగతి ఆ తర్వాత.

ఈ మాటను పత్రిక సంపాదకులకే రాయడానికి ఒక కారణం ఉంది. అమెరికాలో వాషింగ్టన్ నుంచి కంబర్లాండ్ దాకా 184.5 మైళ్లు సాగే చెసపీక్ అండ్ ఒహాయో కాలువ 1924లో మూతపడింది. తర్వాత ఆ గట్టు మీద కార్ల రోడ్డు వేద్దామంటే వాషింగ్టన్ పోస్ట్ సరేనని సంపాదకీయం రాసింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ 1954 జనవరిలో ఆ పత్రికకే ఉత్తరం రాశాడు: నాతో వచ్చి ఆ గట్టంతా నడిచి చూడండి, మీ అభిప్రాయం మారుతుందని. సంపాదకులు వెళ్లారు. పత్రిక మాట మార్చుకుంది, రోడ్డు రాలేదు. 1971లో ఆ గట్టు జాతీయ చారిత్రక ఉద్యానమైంది. ఒకప్పుడు కంచర గాడిదలు పడవలను లాగిన బాట మీద ఇప్పుడు సైకిళ్లు తిరుగుతాయి. మన బకింగ్‌హాం కాలువ ఒడ్డునా మనుషులు తాడు భుజాన వేసుకుని పడవలు లాగినవాళ్లే. నగరంలో ఆ కాలువలోనే ఎంఆర్‌టీఎస్ రైలు స్తంభాలు లేచాయి. పోయినదాన్ని తేలేం గానీ, తెలుగుగంగ గట్టు ఇంకా చేతిలోనే ఉంది.

తారు వద్దంటే బురదలో తొక్కుతామని కాదు. మంచి గ్రావెల్ వేయడానికీ ఒక పద్ధతుంది. గుండ్రటి గులకరాయి చక్రం కింద దొర్లుతుంది, పట్టు దొరకదు. మూలలున్న పగిలిన రాయి అయితే ఒకదానిలో ఒకటి బిగుసుకుంటుంది. పై పొరలో 20 మిల్లీమీటర్లకు మించిన రాయి ఉండకూడదు. రాళ్లను పట్టి ఉంచడానికి కాస్త బంకమట్టి కావాలి. బంక ఎక్కువైతే వానకు జారుడు, తక్కువైతే ఎండకు పిండి. అణిచాక పొర 150 మిల్లీమీటర్లు ఉండాలి, అదీ రెండు విడతలుగా వేసి తొక్కించాలి. నీళ్లు చల్లేటప్పుడు కొలత చేతిలోనే ఉంది: పిడికెడు తీసి గట్టిగా పిసికితే ముద్ద కట్టాలి, మోకాలెత్తు నుంచి వదిలితే నాలుగైదు పెళ్లలుగా విడిపోవాలి. అసలు ముద్దే కట్టకపోతే నీళ్లు చాలలేదు, నేలకు అంటుకుపోతే ఎక్కువయ్యాయి. రోలరు తెచ్చాక ఈ పరీక్ష చేస్తే లాభం లేదు, ముందే చేయాలి.

వాలు పొలాల వైపు ఉండాలి, కాలువ వైపు కాదు. వందకు నాలుగు చొప్పున, అంటే మూడు మీటర్ల బాటకు 12 సెంటీమీటర్లు. కాలువ వైపు వాలు పెడితే ప్రతి వానకూ లైనింగ్ వెనక మట్టి కొట్టుకుపోయి పలకల కింద డొల్ల ఏర్పడుతుంది. సైకిల్‌కూ అదే చేటు, చక్రం జారితే నీళ్లలోకే. బాట మీద అడ్డంగా గరుకు అలలు లేచాయంటే వాటికి కారణం సైకిళ్లు కావు, ఎండిన వదులు గ్రావెల్ మీద వేగంగా వెళ్లే మోటారు బళ్లు. మట్టి పోసి కప్పితే నెలలో మళ్లీ లేస్తాయి. అలల అడుగు దాకా గీకి, తడిపి, తిరిగి అణచాలి.

మోటార్లను ఆపడం ఎలా? గట్టెక్కే ప్రతిచోటా మధ్యలో తాళం వేసిన స్తంభం, రెండు పక్కలా మీటరున్నర ఖాళీ ఉంటే కారూ, ట్రాక్టరూ, టిప్పరూ ఆగిపోతాయి. తాళంచెవి కాలువ కాపలా చూసే లస్కరు దగ్గర ఉంటే శాఖ జీపుకు ఇబ్బంది లేదు. ఆ సందులోంచి మోటారుసైకిల్ దూరుతుంది, దూరనివ్వాలి. హ్యాండిల్ వెడల్పు చూసి సందు ఇంకా ఇరుకు చేస్తే పాలక్యాన్లు కట్టుకున్న రైతు సైకిల్ కూడా ఆగిపోతుంది. గట్టు కింద పొలమున్నవాణ్ణి ఆపి నగరం నుంచి వచ్చినవాళ్లకు దారివ్వడం న్యాయం కాదు. ఒక్కటి మాత్రం ఎవరూ చేయకూడదు: బాటకు అడ్డంగా గొలుసు కట్టడం. తెల్లవారుజామున మసక వెలుతురులో గొలుసు కనపడదు, కనపడేసరికి మెడకో ఛాతీకో తగులుతుంది. స్తంభమైనా మీటరు ఎత్తుండి, నడుముకు తెల్ల రిఫ్లెక్టర్ పట్టీ ఉండాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం కాలువే. లైనింగ్ చేసిన కాలువ ఒడ్డు సిమెంటు జారుడుబల్ల, నీటి గీత దగ్గర పాచి. కాళ్లు కడుక్కుందామని దిగినవాడు ఈత వచ్చినా పైకి ఎక్కలేడు. పడితే ఎదురీదకూడదు. ప్రవాహంతో పోతూ ఒడ్డు పక్కకు జరిగి, మెట్లో నిచ్చెనో దొరికిన చోట పట్టుకోవాలి. రెగ్యులేటరు (నీటిని ఆపి వదిలే తలుపులు) దగ్గర నీరు లోపలికి లాగేస్తుంది, అక్కడికి చేరకముందే బయటపడాలి. ఒడ్డున ఉన్నవాళ్లు వెనకే దూకకుండా తాడు విసరాలి. కనుక గట్టు తెరవండని అడిగేటప్పుడు నిచ్చెనలూ, వంతెనల దగ్గర నీటికి అడ్డంగా తాళ్లూ కూడా అడగాలి. ప్రతి వంతెనకూ ఒక నంబరు, తెలుగులో తమిళంలో రాసి ఉంటే ఆంబులెన్సుకు చోటు చెప్పడం సులువు.

ఇక సైకిల్. వేలకు వేలు పోసి గ్రావెల్ బైకు కొనక్కర్లేదు. 40 మిల్లీమీటర్ల టైరు పట్టే హైబ్రిడ్ చాలు. ఫోర్కుకూ టైరుకూ మధ్య రెండు పక్కలా ఆరేసి మిల్లీమీటర్ల సందు ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే తడి బంకమట్టి అక్కడ ఇరుక్కుని చక్రం నిలిచిపోతుంది. అలా నిలిచినప్పుడు బలవంతంగా తొక్కితే, వెనక గేర్లు మార్చే డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. దిగి, పుల్లతో గీకి, గడ్డి మీదుగా నెట్టుకెళ్లాలి. హ్యాంగర్ మోడల్‌కొకటి. దారిలో ఏ కొట్టులోనూ దొరకదు, తీసుకెళ్లాల్సిందే. లేకుంటే డీరైలర్ తీసేసి, చైను కుదించి, మధ్య పళ్లచక్రం మీద నేరుగా పడేలా బిగించుకుంటే ఒకే గేరుతో ఇల్లు చేరొచ్చు. అందుకు చైన్ టూలు, ఆ చైనుకు సరిపోయే క్విక్ లింకు ఉండాలి.

డెబ్బై కిలోల మనిషికి ట్యూబున్న 40 టైరులో ముందు 35, వెనక 40 పీఎస్ఐ గాలితో మొదలుపెట్టండి. రోడ్డు సైకిల్ అలవాటుతో 70 కొడితే ప్రతి రాయీ మణికట్టుకు తెలుస్తుంది, మలుపులో టైరు పట్టు వదులుతుంది. మరీ తగ్గిస్తే రాయి మీద రిమ్ము కూర్చుని ట్యూబుకు పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, పాము కరిచినట్టు. ఆ గుర్తు చూస్తే ముల్లు కోసం వెతకకండి, గాలి పెంచండి.

ముల్లే అయితే రెండు రకాలు. పల్లేరు కాయ గట్టు మీదే పాకి ఉంటుంది, ఏ వైపు పడ్డా ఒక కొమ్ము పైకే. సన్నటి చిల్లు చేస్తుంది, గాలి మెల్లగా పోతుంది, అర్ధగంట తర్వాత గానీ తెలియదు. సర్కారు తుమ్మ ముల్లు వేరు. టైరులోకి దిగి బయట విరిగిపోతుంది, లోపల మొన మిగులుతుంది. ట్యూబు మార్చి పది నిమిషాలకే మళ్లీ పంక్చరైందంటే తప్పు ట్యూబుది కాదు, ఆ మొనది. టైరు లోపలి వైపు దూది ముక్కతో మెల్లగా చుట్టూ తుడిస్తే ముల్లున్న చోట దూది పట్టుకుంటుంది. వేలితో తుడిస్తే వేలు పట్టుకుంటుంది, నెత్తురుతో సహా. చిన్న పట్టకారుతో లోపలి నుంచే లాగాలి. గట్టు కింద తుమ్మ కొట్టిన చోట కొమ్మలు బాట మీదకు ఈడ్చి ఉంటాయి, ఆ పాతిక గజాలు సైకిల్ ఎత్తుకుని నడవడమే మేలు. ట్యూబ్‌లెస్ వేసుకుంటే చక్రానికి చిల్లులు పూడ్చే సీలెంట్ 60 నుంచి 90 మిల్లీలీటర్లు పోయాలి. మన ఎండకు అది రెండు మూడు నెలల్లో ఎండి లోపల పొర కడుతుంది. పోసి ఏడాదైన సీలెంట్‌ను నమ్ముకుని బయల్దేరేవాళ్లే ఎక్కువ చోట్ల ఆగిపోతారు.

నీళ్లు గంటకు ముప్పావు లీటరు లెక్క. కాలువ పక్కనే ఉన్నా, శుద్ధి కాని ఆ నీళ్లు తాగేవి కావు.

కొండల వైపు తిరిగితే రిజర్వు అడవి. అక్కడ గట్టు నియమాలు చెల్లవు, అటవీ శాఖ అనుమతి లేకుండా బాట కనపడింది కదా అని దూరకూడదు. వేసవిలో స్టవ్వు, నిప్పు అసలు వద్దు. 2018 మార్చిలో తేని జిల్లా కురంగణి మంటల్లో ట్రెక్కింగుకు వెళ్లినవాళ్లు ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎండుగడ్డిలో గాలి తోడైన మంటకంటే వేగంగా మనిషి పరిగెత్తలేడు, సైకిల్ తొక్కలేడు. పొద్దుగూకాక గట్టు మీద రక్తపింజర తిరుగుతుంది. కరిస్తే తాడు బిగించడం, కోయడం, పీల్చడం మానేసి, కాలు కదలకుండా ఉంచి పెద్ద ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి.

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఈశాన్య రుతుపవనం తగ్గుముఖం పట్టి ఉంటుంది, గ్రావెల్ అణిగి ఉంటుంది. ఏప్రిల్, మేలో తొమ్మిదింటికల్లా గట్టు దిగాలి, ఎందుకంటే కాలువ గట్టు మీద చెట్టు నీడ ఉండదు. వేర్లు గట్టును చీలుస్తాయని పెంచనివ్వరు, అది సబబే.

రెండు రాష్ట్రాల జలవనరుల శాఖలను మేం అడిగేది ఒక్క పేజీ ఉత్తర్వు: తెల్లారినప్పటి నుంచి పొద్దుగూకే దాకా సైకిల్‌కు గట్టు మీద అనుమతి, పడితే బాధ్యత తొక్కేవాడిది. ఇప్పుడు ఒక లస్కరు రమ్మంటే తర్వాతి లస్కరు దిగమనే పరిస్థితి ఉంది. ఇందులో వాళ్ల తప్పు లేదు, వాళ్లకు ఎవరూ ఏమీ రాసివ్వలేదు.

మీ పత్రికను అడిగేది ఇంకా చిన్నది. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాకం నీటిమట్టాలు వేసే పట్టికలో జీరో పాయింటు దగ్గర ఆ రోజు ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయో ఒక గడి కలపండి. నీళ్లు పారుతుంటే ఒడ్డు జాగ్రత్తలు ఒక రకం. కాలువ కట్టేసిన నెలల్లో పూడిక తీసి గట్టు మీదే కుప్పలు పోస్తారు, ప్రొక్లెయినర్లు అడ్డంగా నిలబడి ఉంటాయి. ఆ వారం ఇంకో దారి చూసుకుంటాం.

ఇట్లు,
కొందరు సైకిల్ తొక్కేవాళ్లు,
చెన్నై