గేటు రిమోట్ మొరాయిస్తే బోర్డు మార్చడమే మార్గమా?

సంపాదకులకు నమస్కారం.

విశాఖపట్నంలో సొంత ఇళ్ల కారు షెడ్లకు మోటారు షట్టర్లు, అపార్ట్‌మెంట్లకు మోటారు గేట్లు బిగించుకోవడం మామూలైపోయింది. వీటి రిమోట్ ఒకనాడు ఉన్నట్టుండి పనిచేయకపోతే, పిలవగానే వచ్చే మెకానిక్కుల్లో కొందరు రిమోట్ మూతైనా విప్పకుండా మోటారును నడిపే సర్క్యూట్ బోర్డు పోయిందనీ, కొత్తది వేయాలనీ తేల్చేస్తున్నారు. నాడి చూడకుండా మందు రాసే ఈ పద్ధతికి, ముఖ్యంగా పిల్లలు దూరదేశాల్లో ఉండి ఒంటరిగా బతుకుతున్న పెద్దవారు, వేల రూపాయలు చెల్లించుకుంటున్నారు. ఎలక్ట్రానిక్ పరికరాల మరమ్మతు తెలిసినవాడిగా, బోర్డు దాకా వెళ్లకముందే చూడవలసిన సంగతులను మీ పత్రిక ద్వారా పాఠకులకు చెప్పదలిచాను.

మొదట తేల్చుకోవలసింది లోపం రిమోట్‌లో ఉందా, మోటారులో ఉందా అన్నది. గోడకు బిగించిన స్విచ్ నొక్కితే షట్టర్ కదిలిందంటే మోటారు, దానికి వచ్చే కరెంటు బాగున్నట్టే. స్విచ్‌కు కూడా కదలకపోతే రిమోట్‌ను అనుమానించడం అనవసరం. షట్టర్‌ను వెంటవెంటనే చాలాసార్లు ఎత్తి దించినప్పుడు మోటారు వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది, కాసేపు చల్లారనిస్తే మళ్లీ తిరుగుతుంది. ఇంట్లో రెండు రిమోట్లుండి ఒకటే పనిచేయకపోతే తప్పు ఆ రిమోట్‌దే. అన్నీ ఒకేసారి మూగబోతేనే మోటారు దగ్గరుండి రిమోట్ సంకేతాన్ని అందుకునే రిసీవర్ వైపు చూడాలి.

రిమోట్‌దే లోపమని తేలినప్పుడు చాలా సందర్భాల్లో కారణం బ్యాటరీయే. ఎర్ర లైటు వెలుగుతోంది కదా, బ్యాటరీ బాగానే ఉందని చాలామంది అనుకుంటారు. ఆ చిన్న లైటు వెలగడానికి కొద్దిపాటి శక్తి చాలు, రేడియో సంకేతం గేటు వరకూ చేరడానికి అది చాలదు. కొన్ని రిమోట్లలో 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ, మరికొన్నింటిలో 12 వోల్టుల చిన్న గొట్టం బ్యాటరీ ఉంటాయి. ఈ గొట్టం రకంలో 23ఏ, 27ఏ అని రెండున్నాయి. రెండూ 12 వోల్టులవే, పొడవూ దాదాపు సమానమే, కానీ 27ఏ సన్నగా ఉంటుంది. 23ఏ పెట్టవలసిన చోట దాన్ని పెడితే వదులై, ఒకసారి పనిచేసి ఒకసారి మానేస్తుంది. అందుచేత దుకాణానికి పాత బ్యాటరీని వెంట తీసుకువెళ్లడం మంచిది. చాలాకాలం అమ్ముడుపోకుండా ఉండిపోయిన బ్యాటరీ కొత్తదిగా కనిపించినా నీరసించి ఉండవచ్చు, కాబట్టి వోల్టులు కొలిచే మల్టీమీటరుతో చూపించమని అడగడానికి మొహమాటపడనవసరం లేదు.

మన ఊరికి సంబంధించి మరొక మాట చెప్పాలి. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి లోహాన్ని త్వరగా తినేస్తుంది. రిమోట్ విప్పి చూస్తే బ్యాటరీని పట్టుకునే స్ప్రింగుకు పచ్చని, తెల్లని పొర పట్టి ఉంటుంది. బ్యాటరీ తీసి, పెన్సిల్ రబ్బరుతో ఆ పొరను రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి ఆరనిస్తే, పారేయబోయిన రిమోట్లు కూడా మళ్లీ పలికే అవకాశముంది. నీళ్లు మాత్రం తగలనివ్వకూడదు.

దగ్గరికి వెళ్తేనే రిమోట్ పనిచేస్తోందంటే, కొత్త బ్యాటరీ వేసినా మార్పు లేదంటే, సెల్లార్‌లోని ఎల్‌ఈడీ దీపాలను ఆర్పి చూడాలి. నాసిరకం ఎల్‌ఈడీ దీపాల్లో కరెంటును సర్దే డ్రైవర్ సర్క్యూట్లు వెదజల్లే రేడియో రొద రిమోట్ సంకేతాన్ని కప్పేస్తుంది. రిసీవర్ నుంచి వేలాడే సన్నని యాంటెన్నా తీగ తెగినా, మోటారు పెట్టె లోపలికి ముడుచుకుపోయినా ఇదే జరుగుతుంది.

గేటు తెరుచుకుంటుంది కానీ మూసుకోదు అన్న ఫిర్యాదుకూ పాపం రిమోటే మాట పడుతోంది. గేటుకు ఇరువైపులా ఉండే సెన్సార్ల కళ్లమీద సాలెగూడో, దుమ్మో పేరుకుంటే మధ్యలో ఎవరో ఉన్నారనుకుని మోటారు గేటును మూయదు. ఎండ నేరుగా సెన్సార్‌లో పడినా ఈ ఇబ్బంది వస్తుంది, నీడకు చిన్న రేకు బిగిస్తే పోతుంది. దీనికి పరిష్కారంగా సెన్సార్ల తీగలు కలిపేసి వాటిని పనిచేయకుండా చేస్తున్న మెకానిక్కులు పసిపిల్లల ప్రాణాలతో ఆడుకుంటున్నారని కఠినంగానే చెప్పవలసి ఉంది.

నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రకం రిమోట్‌ను పిల్లలు దూరంగా కూర్చుని పదేపదే నొక్కితే, రిసీవర్‌కూ దానికీ లెక్క తప్పుతుంది. గేటు దగ్గర నిలబడి వరసగా రెండుసార్లు నొక్కితే చాలా వాటిలో అది సర్దుకుంటుంది. లేకపోతే రిసీవర్‌కు రిమోట్‌ను గుర్తుపెట్టించే లెర్న్ బటన్‌తో మళ్లీ నమోదు చేసుకోవాలి. అయితే అనేక మోటార్లలో ఆ బటన్‌ను కొన్ని సెకన్లపాటు అదిమిపెడితే అంతకుముందు నమోదైన రిమోట్లన్నీ చెరిగిపోతాయి. అపార్ట్‌మెంట్‌లో ఒక ఫ్లాటు రిమోట్ బాగుచేయబోయి అందరి రిమోట్లనూ పనికిరాకుండా చేయడం ఇలాగే జరుగుతుంది. మాన్యువల్ చదవకుండా ఆ బటన్ మీద ఎవరూ చేయి వేయకూడదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరంలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటప్పుడు గేటును చేత్తో తెరవడానికే మోటారుకు విడుదల తాళం, షట్టరుకు గొలుసు ఇస్తారు. ఆ తాళంచెవి ఏ అలమరలో ఉందో అసోసియేషన్ కార్యదర్శికి తెలియదు, వాచ్‌మన్‌కు దాన్ని తిప్పడం ఎవరూ నేర్పలేదు. అర్ధరాత్రి గుండెనొప్పి వచ్చిన మనిషిని తీసుకువెళ్లడానికి అంబులెన్సు వచ్చి బయట ఆగితే ఏం చేస్తారు? మోటార్లు అమ్మి బిగించేవారు తెలుగులో రాసిన సూచనల కాగితాన్ని, ఆ తాళంచెవిని యజమాని చేతికి ఇచ్చి, తెరిచి చూపించిన తరువాతే బిల్లు తీసుకోవాలని, అపార్ట్‌మెంట్ సంఘాలు తుపానుల కాలానికి ముందే, అంటే సెప్టెంబరులోనే, వాచ్‌మన్‌ చేత ఒకసారి ఆ తాళం తిప్పించి చూడాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.