ఉద్యాన శాఖ మంత్రి గారికి: తోటకొచ్చే మనుషుల లెక్క కూడా తీయించండి

గౌరవనీయులైన తెలంగాణ ఉద్యాన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్ శివార్లలోని ఒక కాలనీలో, లేఅవుట్ వేసినప్పుడు వదిలిన ఖాళీ జాగాలో కొన్ని కుటుంబాలం కలిసి కూరగాయలు పండించుకుంటున్నాం. సబ్సిడీ కోసమో విత్తనాల కోసమో ఈ ఉత్తరం రాయడం లేదు. నగరంలో ఇలాంటి ఉమ్మడి తోటలకు ఎవరు వస్తున్నారు, ఎవరు మధ్యలో మానేస్తున్నారు, వచ్చినవాళ్ల తిండిలోనూ ఆరోగ్యంలోనూ ఏమైనా మారుతోందా అన్నది ఒకసారి పద్ధతిగా అధ్యయనం చేయించమని అడుగుతున్నాను.

ఆ మధ్య మా దగ్గరికి ఒక సర్వే ఫారం వచ్చింది. ఎన్ని గజాలు, ఎన్ని మొక్కలు, ఖర్చెంత? అంతే. కోసిన గోంగూర ఎవరింట్లో ఉడికిందో అందులో రాయడానికి చోటే లేదు. మీ శాఖ గతంలో ‘మన ఇంటి కూరగాయలు’ పేరుతో సగం ధరకే మిద్దె తోటల కిట్లు ఇచ్చింది. మంచి పని. అయితే ఒక కిట్ రెండో వేసవి దాటిందా లేదా, దాటకపోతే కారణం నీళ్లా, పిండినల్లి పురుగా, కోతులా అన్నది తెలిస్తేనే కదా తర్వాతి పథకం నిలబడేది!

ఇలాంటి అధ్యయనం ఎలా చేయాలో అమెరికాలోని డెన్వర్ ప్రాంతంలో చేసి చూపించారు. అక్కడి 37 సామూహిక తోటల్లో స్థలం కోసం వెయిటింగ్ లిస్టులో ఉన్న 291 మందిని తీసుకున్నారు. కొందరికి వెంటనే మడి, విత్తనాలు, నారు ఇచ్చి, కాస్త శిక్షణ కూడా ఇచ్చారు. మిగతావాళ్లను ఒక ఏడాది ఆగమన్నారు. ఎవరు ఏ గుంపులో ఉండాలో లాటరీ పద్ధతిలో తేల్చారు. ఫలితాలు 2023లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చాయి. తోటపని చేసినవాళ్లు రెండో గుంపు కంటే రోజుకు సుమారు 1.4 గ్రాముల పీచు ఎక్కువ తిన్నారు, ఒళ్లు కదిలించే పని రోజుకు దాదాపు 6 నిమిషాలు ఎక్కువ చేశారు. టెన్షన్, ఆందోళన తగ్గాయి. బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకు నచ్చింది ఆ చివరి మాటే. తోట పెడితే సకల రోగాలూ పోతాయని ప్రచారం చేసేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఏది మారిందో, ఏది మారలేదో రెండూ రాసేవాళ్లు కావాలి.

అయితే డెన్వర్ ప్రశ్నలు మనకు సరిపోవు. మా తోటకు పొద్దున్నే వచ్చేవాళ్లలో ఎక్కువమంది రిటైరైన ఉద్యోగులు, పిల్లల్ని బడికి పంపేశాక కాస్త తీరిక దొరికే ఆడవాళ్లు. అసలు వ్యవసాయం తెలిసినవాళ్లు వేరే ఉన్నారు. పాలమూరు నుంచి వచ్చి అపార్టుమెంట్లలో వాచ్‌మన్‌గా పనిచేస్తున్న కుటుంబాలు అవి. బీర పాదుకు పందిరి ఎంత ఎత్తున వేయాలో, పేనుబంక పడితే ముందు ఏ ఆకు తుంచాలో మాకు చెప్పేది వాళ్లే. చాలాచోట్ల నీళ్లు పట్టేదీ వాళ్లే. మడి మాత్రం వాళ్ల పేరున ఉండదు. సర్వేకి వచ్చినవాళ్లు వాళ్లను పనివాళ్లుగా రాసుకుంటారు, సభ్యులుగా రాయరు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల సంగతి మరీ దూరం. తోట తెరిచే వేళకు వాళ్లు నాలుగో ఇంట్లో గిన్నెలు తోముతుంటారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019–21 నాటికి మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. తోటకూర మడితోనే అది నయమవుతుందని నేననను. కానీ ఆకుకూర ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకి తోట గేటు దాకా రావడానికి అడ్డేమిటో ముందు తెలుసుకోవాలి కదా.

లెక్కలు లేకపోతే స్థలానికీ దిక్కుండదు. 1999లో న్యూయార్క్ నగర పాలకులు 100కు పైగా సామూహిక తోటలను వేలానికి పెట్టారు. ట్రస్టులు ముందుకొచ్చి కొనబట్టి అవి బతికాయి. ఆ తర్వాత పదేళ్లకు ‘ఫార్మింగ్ కాంక్రీట్’ అనే ప్రాజెక్టు కింద అక్కడి తోటవాళ్లు పండిన ప్రతి కాయనూ తూచి రాసుకోవడం మొదలుపెట్టారు. మన లేఅవుట్లలో వదిలే ఖాళీ జాగాల మీద ఎన్ని కళ్లుంటాయో మీకు చెప్పక్కర్లేదు.

తూచి రాసే పని మాకే అప్పగించండి. పుస్తకాల జ్ఞానం ఉన్నవాళ్లే పరిశోధన చేయాలన్న రూలేమీ లేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల మహిళలు, బడి మొహం చూడనివాళ్లతో సహా, కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వరంగల్ పత్తి చేలకు వెళ్లి జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తి వేసిన రైతుల సంగతి స్వయంగా చిత్రీకరించి లోకానికి చూపించారు. అదీ ఇరవై ఏళ్ల కిందటి మాట.

మీరు పెద్దగా వెతకాల్సిన పని కూడా లేదు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం, సిద్దిపేట జిల్లా ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఈ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టి, వచ్చే వర్షాకాలానికల్లా ఒక పది కాలనీల్లో పని మొదలుపెట్టించండి. మడులు లాటరీ తీసి ఇవ్వండి. వాచ్‌మన్ కుటుంబాలకూ, పక్క బస్తీవాళ్లకూ అందులో వాటా ఉండాలి. చాలా జాగాల్లో కింద ఉన్నది బిల్డింగ్ శిథిలాలే కాబట్టి ముందు మట్టి పరీక్ష చేయించండి. ప్రశ్నలు తెలుగులో, ఉర్దూలో, హిందీలో ఉండాలి. మానేసినవాళ్ల ఇంటికి తప్పనిసరిగా వెళ్లి ఎందుకు మానేశారో అడగాలి. ఫలితాలు వచ్చాక ముందు మా కాలనీ మీటింగుల్లో చదివి వినిపించి, ఆ తర్వాత ఏ పత్రికకైనా పంపుకోండి.

త్రాసు, నోట్‌బుక్కులు మేమే కొనుక్కుంటాం. మీ సంతకంతో ఒక ఉత్తర్వు, అధ్యయనం జరిగినన్నాళ్లూ ఆ జాగాలను ఎవరూ కదపరన్న హామీ ఇప్పించండి.

ఇట్లు,
ఒక కాలనీ తోట సభ్యురాలు,
హైదరాబాద్