మూకీలకు సంగీతం కొత్తదైనా, బొమ్మ పాతదిగానే ఉండనివ్వాలి

సంపాదకులకు నమస్కారాలు.

పాత మూకీ చిత్రాలకు ఎలక్ట్రానిక్ సంగీతం కూర్చి ప్రదర్శించడం పాశ్చాత్య దేశాల్లో నలభై ఏళ్లుగా సాగుతోంది. మన ఫిల్మ్ సొసైటీలూ, కళాశాలలూ, చలనచిత్ర భాండాగారాలూ ఇలాంటి ప్రదర్శనలు తలపెట్టినప్పుడు ఒక నియమం పాటించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. సంగీతం ఎంత కొత్తదైనా కావచ్చు గాని, దానికోసం బొమ్మను మార్చకూడదు.

మూకీలు ఏనాడూ నిశ్శబ్దంగా ఆడలేదు. యూరప్‌లోని పెద్ద థియేటర్లలో వాద్యబృందాలు, చిన్నవాటిలో పియానో, మన దేశంలో హార్మోనియం, తబలా తెర పక్కనే మోగేవి. ఊరు మారితే సంగీతమూ మారేది. కాబట్టి సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం వినబడగానే అపచారం జరిగిపోయిందని బాధపడేవారితో నేను ఏకీభవించను. సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టీన్ 1925లో తీసిన 'బాటిల్‌షిప్ పొటెంకిన్'ను 2004లో లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ప్రదర్శిస్తూ బ్రిటిష్ పాప్ జంట పెట్ షాప్ బాయ్స్ తమ సంగీతాన్ని వాద్యబృందంతో కలిసి అక్కడికక్కడే వినిపించినప్పుడు, వేలమంది ఆరుబయట నిలబడి చూశారు. ఆ జనంలో ఎందరికో అదే మొదటి మూకీ అయి ఉంటుంది. ఇది చిన్న సేవ కాదు.

అయితే దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ తీసిన జర్మన్ మూకీ 'మెట్రోపొలిస్' చరిత్ర మరో సంగతి కూడా చెబుతుంది. 1927 జనవరిలో బెర్లిన్‌లో తొలిసారి ఆడినప్పుడు అది సుమారు రెండున్నర గంటల చిత్రం. కొద్ది నెలలకే పంపిణీదారులు దాన్ని బాగా కుదించారు, కోసేసిన భాగాలు కనబడకుండా పోయాయి. 1984లో ఇటాలియన్ సంగీతకారుడు జార్జియో మోరోడర్ దానికి సింథసైజర్ సంగీతం, ఫ్రెడ్డీ మెర్క్యురీ, బానీ టైలర్ వంటివారి పాటలు చేర్చి, రంగులు అద్ది, దృశ్యాల మధ్య మాటలు రాసి చూపే టైటిల్ కార్డుల బదులు తెర అడుగున సబ్‌టైటిళ్లు వేసి, గంటన్నరలోపే ముగిసే రూపంలో విడుదల చేశారు. లోపించిన దృశ్యాల స్థానంలో నిశ్చల చిత్రాలు వెదికి పెట్టిన శ్రద్ధ ఆయనది. ఆ రూపం చూసే ఎందరో లాంగ్ పేరు తెలుసుకున్నారు. అయినా నటుడి పెదవులు కదలడం, కార్డు రావడం, ఎదుటివారి ముఖం మారడం అనే క్రమంలో దర్శకుడు ఉంచిన విరామం ఆ రూపంలో మిగలలేదు. మూకీకి ఆ విరామమే ఊపిరి.

అదే చిత్రానికి 1927లో గాట్‌ఫ్రీడ్ హుప్పెర్ట్జ్ రాసిన స్వరపత్రంలో ఏ ఘట్టం ఎక్కడ మొదలవుతుందో తెలిపే సూచనలు అడుగడుగునా ఉన్నాయి. 2008లో బ్యూనస్ ఎయిర్స్‌లోని సినిమా మ్యూజియంలో దాదాపు సంపూర్ణమైన 16 మిల్లీమీటర్ల ప్రతి బయటపడి, 2010 నాటికి చిత్రాన్ని పునరుద్ధరించినప్పుడు, ఏ ముక్క ఏ వరుసలో రావాలో తేల్చుకోవడానికి ఆ స్వరపత్రం ఎంతో తోడ్పడింది. పాత సంగీతం కేవలం అలంకారం కాదు, చిత్రం అసలు రూపానికి సాక్ష్యం కూడా. కొత్త బాణీ వచ్చిందని పాతదాన్ని మూలన పడేయడానికి వీల్లేదనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

వేగం సంగతి మరీ ముఖ్యం. చేతితో తిప్పే కెమెరాల రోజుల్లో చాలా చిత్రాలను సెకనుకు 16 నుంచి 20 ఫ్రేముల చొప్పున తీసేవారు; టాకీలు వచ్చాక 24 స్థిరపడింది. పాత రీలును 24లో నడిపితే మనుషులు ఉరుకులు పరుగులు పెడతారు, విషాద ఘట్టానికి కూడా జనం నవ్వుతారు. డ్రమ్ మెషీన్ దరువుకు అడుగులు కలవాలని వేగం పెంచితే నటుల అభినయానికే ద్రోహం జరుగుతుంది.

మన దగ్గర మిగిలిన మూకీలే బహు తక్కువ. రఘుపతి వెంకయ్య నాయుడు, ఆయన కుమారుడు ప్రకాష్ మద్రాసులో నిర్మించిన 'భీష్మ ప్రతిజ్ఞ'ను చూసే భాగ్యం మన తరానికి లేదు. హిమాంశు రాయ్ నిర్మించిన 'షిరాజ్' (1928) మాత్రం బతికింది. 2017లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని పునరుద్ధరించి, అనుష్కా శంకర్ చేత కొత్త సంగీతం రాయించింది. ముందు ప్రింటును బాగుచేసి, ఆ బొమ్మకు తగినట్టు సంగీతం సమకూర్చుకోవడమే సరైన వరుస.

అందుచేత పుణేలోని జాతీయ చలనచిత్ర భాండాగారం మొదలుకొని ఏ సంస్థ అయినా మూకీ ప్రతిని ప్రదర్శనకు ఇచ్చేటప్పుడు నిడివి, వేగం, టైటిల్ కార్డులు మార్చరాదన్న షరతును ఒప్పంద పత్రంలోనే రాయాలి. ఏ ప్రతి నుంచి తీసుకున్నారో, సంగీతం ఎవరిదో, ఏ సంవత్సరానిదో మొదట్లోనే తెరపై వేయించాలి. మూల స్వరపత్రం దొరికే చిత్రాలను ఆ సంగీతంతో కూడా ఒక ఆట వేయాలి. వీటికి కొత్త చట్టమేమీ అవసరం లేదు, అదనపు ఖర్చూ పెద్దగా ఉండదు.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విజయవాడ