ప్రింటర్ పెట్టె మీద వైఫై అని రాస్తే సరిపోదు

సంపాదకుల వారికి నమస్కారం.

మా పాఠశాల ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు నేనే చూసుకుంటాను. క్లర్కుగారిది విండోస్, హెడ్మాస్టరుగారిది మ్యాక్, లైబ్రరీలో ఉన్నది లినక్స్. ప్రింటర్ మాత్రం అందరికీ ఒక్కటే. దాన్ని యూఎస్‌బీ కేబుల్‌తో క్లర్కుగారి కంప్యూటర్‌కు తగిలించి, షేర్ చేసి, మిగతావాళ్లకు ఇచ్చాం.

ఆయన కంప్యూటర్ ఆపి ఇంటికెళితే ఎవరికీ ప్రింట్ రాదు. లైబ్రరీ నుంచి పంపితే విండోస్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇవ్వకపోతే ఫైలు క్యూలోనే ఉండిపోతుంది. పరీక్షల ముందు రోజు జరిగింది మాత్రం మరిచిపోలేను. లినక్స్ నుంచి ఒక పేజీ ప్రశ్నపత్రం పంపాను. మొదటి కాగితం పై వరుసలో శాతం గుర్తు, ఆశ్చర్యార్థకం, పీఎస్ అనే అక్షరాలు. వాటి కింద అర్థంకాని ఇంగ్లిష్ కోడ్. ఒకదాని వెనక ఒకటి కాగితాలు వస్తూనే ఉన్నాయి. టెన్షన్‌తో ట్రే లాగేశాను. తర్వాత తెలిసింది, నేను ఎంచుకున్నది పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్, అంటే ఫైలును పోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రింటర్ భాషలోకి మార్చి పంపే సాఫ్ట్‌వేర్. ఆ ప్రింటర్‌కు తెలిసిందేమో పీసీఎల్ అనే వేరే భాష. అర్థంకాని ఆదేశాలను మామూలు అక్షరాలే అనుకుని అచ్చేసింది.

చివరికి ప్రింటర్‌ను లైబ్రరీ కంప్యూటర్‌కే మార్చి, సరైన డ్రైవర్ పెట్టాను. లినక్స్‌లో ప్రింటింగ్ పని చూసే కప్స్ అనే సాఫ్ట్‌వేర్ 1999లో వచ్చింది. 2002 నుంచి మ్యాక్‌లోనూ అదే ఉంది. అందుకే షేరింగ్ ఆన్ చేయగానే మ్యాక్‌లో ప్రింటర్ దానంతటదే కనిపించింది. విండోస్‌లో నెట్‌వర్క్ ద్వారా ప్రింట్ పంపే ఇంటర్నెట్ ప్రింటింగ్ క్లయింట్ ఆన్ చేసి, లైబ్రరీ కంప్యూటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా), కప్స్ వాడే 631 పోర్టు, ప్రింటర్ పేరు ఇచ్చాను. అక్కడ పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవర్ పెట్టినా పర్వాలేదు, ప్రింటర్ భాషలోకి మార్చే పని కప్స్‌దే. ఆ ఐపీ మారిపోకుండా రౌటర్‌లో రిజర్వ్ చేశాను. ఇప్పుడు ముగ్గురికీ ప్రింట్ వస్తోంది.

ఇంత కష్టపడ్డాక, గొడవ ఉండదని కొత్తగా వైఫై ప్రింటర్ కొన్నాం. దానికి కంపెనీ ఇచ్చిన డ్రైవర్ విండోస్‌కు మాత్రమే! మ్యాక్‌కూ లినక్స్‌కూ అది పనికిరాలేదు. వైఫై ఉందంటే ప్రింటర్ దాకా దారి ఉన్నట్టు, అంతే. అవతలి కంప్యూటర్ పంపింది దానికి అర్థమవుతుందని కాదు. అందరికీ ఉమ్మడిగా అర్థమయ్యే పద్ధతి లేకనా? ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రోటోకాల్, అంటే ఐపీపీ, 1999 నుంచే ఉంది. దాని మీదే 2010లో యాపిల్ ఎయిర్‌ప్రింట్, 2013లో ఐపీపీ ఎవ్రీవేర్ అనే పద్ధతులు వచ్చాయి. వీటిని పాటించే ప్రింటర్‌కు కంపెనీ డ్రైవరే అక్కర్లేదు. ఇప్పటి విండోస్‌లోనూ ఇలాంటి ప్రింటర్లకు ఉమ్మడిగా పనికొచ్చే ఐపీపీ క్లాస్ డ్రైవర్ ఉంది.

తయారీ కంపెనీలను నేను కోరేది ఒక్కటే. పెట్టె మీద వైఫై బొమ్మ పక్కనే ఐపీపీ ఎవ్రీవేర్ ఉందో లేదో స్పష్టంగా రాయండి. మీ పత్రిక కూడా కొత్త ప్రింటర్ల గురించి రాసేటప్పుడు నిమిషానికి ఎన్ని పేజీలో చెప్పి ఊరుకోకుండా, డ్రైవర్ లేకుండా లినక్స్ నుంచి ఒక్క పేజీ అచ్చువేసి చూసి, ఆ ఫలితం కూడా రాయాలని మనవి.

– ఒక పాఠశాల ఉద్యోగి